కాన్పు ఎక్కడ చేయిద్దాం? ముందు ఎవరు పక్కన ఉంటారో అడుగుదాం

ఈసారి రాసేది కాలువ నీళ్ళ గురించి కాదు, వడ్ల రేటు గురించీ కాదు. ఆడపిల్ల కాన్పు గురించి. మగవాళ్ళు ఇక్కడితో ఆపేసి ముందుకు జరిపేయకండి, అసలు మీకోసమే రాస్తున్నాం. ఏ ఊరు తీసుకెళ్ళాలి, ఏ ఆసుపత్రిలో చేర్చాలి, ఎంత ఖర్చు పెట్టాలి, ఆపరేషన్‌కి సంతకం పెట్టాలా వద్దా అని తేల్చేది మన ఇళ్ళల్లో ఇప్పటికీ ఎక్కువగా మగవాళ్ళే. నొప్పులు పడే మనిషిని అడిగేది ఆఖర్న.

మేమిద్దరం కలిసే రాస్తున్నాం. సగం వాక్యాలు ఒకరివి, సగం ఇంకొకరివి. ఎవరివి ఏవో మీరే పోల్చుకోండి.

పోయిన నెల మన క్యాంపులోనే ఒక సీమంతానికి వెళ్ళాం. గాజులు వేసి, చలిమిడి పెట్టి, భోజనాల దగ్గర కూర్చున్నాక ఆ పిల్ల తల్లి మెల్లగా అడిగింది. "వదినా, మా అమ్మాయి ఆపరేషన్ వద్దంటోంది. హైదరాబాదులో మంత్రసానులే కాన్పు చేసే చోట్లు ఉన్నాయట. నిజమేనా? మన రాయచూరు వైపు అలాంటిది ఏదైనా ఉందా?" ఇంకేముంది, పది నోళ్ళు లేచాయి. ఒకావిడ నర్సింగ్ హోమ్ పేరు చెప్పింది. ఒకావిడ కషాయం చెప్పింది. ఒక కుర్రాడు ఫోన్ తీసి, ఎక్కడో విదేశంలో ఇంట్లోనే నీళ్ళ తొట్టెలో కంటున్న వీడియో చూపించాడు. ఒక పెద్దాయన మాత్రం తేల్చి పారేశాడు: "ఈ రోజుల్లో నార్మల్ ఎవరు చేస్తారమ్మా, మంచి ముహూర్తం చూసి కోయించెయ్యండి, బిడ్డ జాతకమైనా బాగుంటుంది."

ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంది. ఆమె వైపు ఎవరూ చూడలేదు.

అప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇంటికొచ్చాక ఇది రాయాలనిపించింది. మేము ఈ పదేళ్ళలో రెండు కాన్పులు దగ్గరుండి చూశాం, ఒకటి కోడలిది, ఒకటి కూతురిది. రెండింటిలో మొదటిదాంట్లో తప్పు మాదే. అది కూడా దాచుకోకుండా రాస్తాం.

ముందు మా ఇంటి పెద్దావిడ సంగతి. మాలో ఒకరికి అమ్మ, ఒకరికి అత్తగారు. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయ్యాక, ఎడమ కాలువ కింద నేల దొరుకుతుందని గోదావరి జిల్లా నుంచి సామాన్లు సర్దుకుని వచ్చిన వాళ్ళలో ఆవిడా ఒకరు. గుడిసెలు, నల్లరేగడి బురద, వానొస్తే ఎడ్లబండి కూడా కదలని దారి. ఆవిడకి అయిన కాన్పులు ఏడు. అన్నీ ఇంట్లోనే. పురుడు పోసింది పక్క ఊరి కన్నడ ముసలమ్మ. వాళ్ళ భాషలో సూలగిత్తి అంటారు. ఈవిడకి కన్నడం రాదు, ఆవిడకి తెలుగు రాదు. "భాషెందుకురా, చెయ్యి పట్టుకునేది చాలు" అంటుండేది మా పెద్దావిడ.

ఇంతవరకు వినేసరికి మన కుర్రకారుకి ముచ్చటేస్తుంది. పాతకాలమే మంచిది, ప్రకృతి, సహజం అని మొదలుపెడతారు. కానీ ఆవిడ మాట అక్కడితో అయిపోదు. ఏడు కాన్పుల్లో మిగిలింది నలుగురు. ఒక బిడ్డ అడ్డం తిరిగి పోయింది. ఒకటి పుట్టి ఏడవలేదు. ఒకడు తొమ్మిదో రోజున దౌడలు బిగుసుకుపోయి పోయాడు. ఇప్పుడైతే అది ధనుర్వాతమని, తల్లికి ఒక సూది వేస్తే రాదని మనకు తెలుసు. ఆవిడ చెల్లెలైతే మూడో కాన్పులో మాయ పడక, రక్తం ఆగక, బండి కట్టేలోపే పోయింది. కాబట్టి మా ఇంట్లో ఎవరైనా పాతకాలాన్ని మరీ పొగిడితే ఆవిడే కసిరేది.

ఆ సూలగిత్తి చేతిలో మాత్రం ఒక విద్య ఉండేది. పావగడ సూలగిత్తి నరసమ్మ గారి పేరు మీలో చాలామంది విన్నారు. తుమకూరు జిల్లాలో ఉన్నా పావగడ మన తెలుగు మాట వినిపించే సరిహద్దు తాలూకానే. బడికి వెళ్ళని మనిషి. డబ్బు తీసుకోకుండా పదిహేను వేలకు పైగా కాన్పులు చేసిందని చెప్పి, 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఏడాదే డిసెంబరు 25న, 98 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆమెకి పద్మశ్రీ వచ్చిన రోజున మన క్యాంపుల్లో కూడా అందరూ ఫొటో పంచుకున్నాం. పంచుకున్న వాళ్ళలో ఎంతమంది తమ కోడలిని నొప్పులు వచ్చేదాకా ఆగనిచ్చారో మాత్రం అడగకండి. మేమూ ఆగనివ్వలేదు.

అదే చెప్పబోతున్నాం.

మా కోడలికి తొలి కాన్పు. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా మూడు వారాలుంది. బీపీ లేదు, షుగర్ లేదు, బిడ్డ తల కిందికే ఉంది. ఇంతలో మాకు తెలిసిన పంతులుగారు పంచాంగం చూసి, ఫలానా బుధవారం పొద్దున పదింటి లోపల పుడితే మహర్జాతకం అన్నారు. ఆయన తప్పు లేదు, అడిగింది మేము. నర్సింగ్ హోమ్‌లో అడిగితే వాళ్ళు వద్దనలేదు. పేరు రాయం, అది ఒక ఊరిలో ఒక నర్సింగ్ హోమ్, మన చుట్టూ అలాంటివి చాలానే ఉన్నాయి. కాగితం మీద మాత్రం "ఉమ్మనీరు తక్కువ" అని రాశారు. ముహూర్తానికి బిడ్డ బయటికి వచ్చాడు. మూలగడం మొదలుపెట్టాడు. ఊపిరితిత్తులు ఇంకా సిద్ధం కాలేదన్నారు. ఐదు రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. మహర్జాతకుడిని అద్దంలోంచి చూసుకుంటూ కూర్చున్నాం. కోడలికి పాలు పడలేదు, కుట్లు చీము పట్టాయి, మూడు నెలలు నడుం పట్టుకుని నడిచింది. తొలిసారి ఆపరేషన్ అయింది కనుక రెండోసారీ ఆపరేషనే అన్నారు. అదీ జరిగింది.

దేవుడి దయ, మనవడు ఇప్పుడు గంతులేస్తున్నాడు. కానీ అవసరం లేని కోత ఒకటి ఆ అమ్మాయి ఒంటి మీద వేయించింది మేము. వేరే కారణం లేకపోతే 39 వారాలు నిండకుండా ముందే తేదీ పెట్టి ఆపరేషన్ చేయకూడదని, చేస్తే బిడ్డకి శ్వాస ఇబ్బందులు ఎక్కువని డాక్టర్లే చెబుతారు. మేము అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

ఇది మా ఒక్కరి ఇంటి పిచ్చి కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, తీసి చూడండి. దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. మన కర్ణాటకలో 31.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో 60.7. దేశంలోకెల్లా తెలంగాణే ముందుంది. ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే తెలంగాణలో నూటికి 81 దాటింది, మన రాష్ట్రంలో సగం దాటింది. కర్ణాటక మొత్తం అంకె అంతకుముందు సర్వేలో, 2015-16లో, 23.6 ఉండేది. అంటే మనమూ అదే దారి పట్టాం. తెలుగు ఆడవాళ్ళ కటి ఎముకలు ఒక్కసారిగా ఇరుకైపోయాయా? ఎముకలు మారలేదు, మన అలవాట్లు మారాయి. తెలంగాణలో 2022లో అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు ముహూర్తాల ఆపరేషన్లు మానుకోండని బహిరంగంగా చెప్పాల్సి వచ్చింది. మంత్రిగారు చెప్పాల్సిన మాటా ఇది? మన ఇంట్లో పెద్దవాళ్ళం చెప్పాల్సింది.

ఆపరేషన్ చెడ్డదని మేము అనడం లేదు. మా పెద్దావిడ చెల్లెలికి ఆ రోజు ఆపరేషన్ థియేటర్, రెండు సీసాల రక్తం దొరికి ఉంటే బతికేది. కానీ ఆపరేషన్‌ని పన్ను పీకించుకోవడంలా చూడడం మానాలి. 2024 నవంబరులో బళ్ళారి జిల్లా ఆసుపత్రిలో జరిగింది మనం మరిచిపోలేం. సిజేరియన్ అయిన ఐదుగురు బాలింతలు ఒకరి తరువాత ఒకరు పోయారు. ఎక్కించిన సెలైన్ మీద అనుమానం వచ్చి ప్రభుత్వం దాని వాడకం ఆపించింది. అంతకు ముందు నెలలోనే మన సింధనూరు తాలూకా ఆసుపత్రిలోనూ బాలింతలు పోయిన సంగతి పత్రికల్లో చదివాం. ఆ ఇళ్ళల్లో చంటిబిడ్డలకు పాలు ఎవరిస్తున్నారో అని చాలా రోజులు నిద్ర పట్టలేదు. కడుపు కోసిన ప్రతిసారీ సెలైన్, మత్తు, రక్తం, కుట్లు, ఇలా పది చోట్ల తప్పు జరగడానికి తలుపు తెరుస్తాం. తెరవాల్సిన అవసరం ఉంటే తెరవాల్సిందే. ఊరికే మాత్రం కాదు.

ఇక మా అమ్మాయి సంగతి. అల్లుడు గారి ఉద్యోగం హైదరాబాదు. వదిన పడ్డ పాట్లు కళ్ళారా చూసింది కనుక, మూడో నెలలోనే చెప్పేసింది, నేను మిడ్‌వైఫ్ ఉండే చోటుకే వెళ్తానని. మేము ఎగిరిపడ్డాం. ఇంజినీరింగు చదివి మంత్రసాని దగ్గరికి పోతావా, నలుగురిలో ఏం చెప్పుకోవాలి అన్నాం. వియ్యపురాలు గారు కూడా మాకే వంత పాడారు. అమ్మాయి వాదించలేదు. "ఒకసారి వచ్చి చూడండి" అంది.

వెళ్ళి చూశాక అర్థమైంది, ఈ మిడ్‌వైఫ్ వేరు, పాత మంత్రసాని వేరు అని. ఈమె నర్సింగ్ చదివి, ఆ పైన కాన్పుల మీదే ప్రత్యేకంగా శిక్షణ పొందిన మనిషి. గుండె కొట్టుకోవడం వినడం, బీపీ, రక్తస్రావం, బిడ్డకి ఊపిరి అందించడం, ఎప్పుడు డాక్టరుని పిలవాలో తెలియడం, అన్నీ వచ్చు. హైదరాబాదులో ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి ఇలాంటి మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇస్తోంది. దాన్ని నడిపిన డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ గారు స్వయంగా కాన్పుల డాక్టరై ఉండి, మామూలు కాన్పుకు డాక్టరు కన్నా మిడ్‌వైఫే తగిన మనిషి అని ఏళ్ళ తరబడి వాదిస్తూ వచ్చారు. తెలంగాణ ప్రభుత్వం 2017లో వాళ్ళతో, యూనిసెఫ్‌తో కలిసి కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఆ మరుసటి ఏడాది, 2018 డిసెంబరులో, కేంద్ర ప్రభుత్వమే దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు ఇచ్చింది. పద్దెనిమిది నెలల శిక్షణ, ఆపైన రద్దీ ఎక్కువున్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో మిడ్‌వైఫ్‌లే నడిపే కాన్పుల విభాగాలు. కాగితం మీద ఇది మన రాయచూరుకూ వర్తిస్తుంది. ఆ మాట గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ వస్తాం.

అమ్మాయి కాన్పయిన చోటు పేరు రాయడం లేదు. రాస్తే ప్రకటనలా ఉంటుంది, పైగా రేపు మీకు అక్కడ నచ్చకపోతే మమ్మల్నే తిడతారు. జరిగింది మాత్రం చెబుతాం. నొప్పులు రాత్రి తొమ్మిదికి మొదలయ్యాయి. మరునాడు మధ్యాహ్నం రెండు దాటాక బిడ్డ పుట్టింది. పదిహేడు గంటలు. ఆ పదిహేడు గంటలూ ఒక మిడ్‌వైఫ్ పక్కనే ఉంది, డ్యూటీ మారినప్పుడు ఇంకొకామె వచ్చి కూర్చుంది. అమ్మాయి నడిచింది, వేడినీళ్ళ స్నానం చేసింది, మజ్జిగ తాగింది, ఇడ్లీ తింది, అల్లుడు గారి మెడ పట్టుకుని వేలాడింది, మమ్మల్ని తిట్టింది. మంచానికి కాళ్ళు కట్టలేదు. "ముక్కు, ముక్కు" అని ఎవరూ అరవలేదు.

పదకొండో గంటకి అరిచింది మేమే. "ఇంకెంతసేపమ్మా, ఆపరేషన్ చేసెయ్యమనండి, చూడలేకపోతున్నాం" అని. ఆ మిడ్‌వైఫ్ వయసు మా అమ్మాయి వయసే ఉంటుంది. "ఆంటీ, అంకుల్, బిడ్డ గుండె బాగుంది, తల్లి బాగుంది. మీరిద్దరూ కిందకెళ్ళి టీ తాగి రండి" అంది. మర్యాదగా గెంటేసింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ ఆలోచించండి, అదే ఒంటరి డాక్టరు ఉన్న నర్సింగ్ హోమ్ అయితే? బయట పదిమంది బంధువులు, లోపల అరుపులు, ఏదైనా జరిగితే అద్దాలు పగలగొడతారన్న భయం. ఆ డాక్టరు ఏం చేస్తుంది? కత్తి పడుతుంది. నూటికి అరవై కోతల్లో మన అరుపుల వాటా ఎంతో మనకి తెలియంది కాదు.

ఆ తరువాత తెలుసుకున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పిన మాట, అసలు నొప్పులు ఊపందుకున్నట్టు లెక్క ఐదు సెంటీమీటర్లు తెరుచుకున్నాకే. అక్కడి నుంచి తొలి కాన్పుకి పన్నెండు గంటల దాకా పట్టవచ్చు. గంటకో సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలన్న పాత లెక్క అందరికీ పనికిరాదు. మనం రెండు సెంటీమీటర్లకే ఆసుపత్రికి పరిగెత్తి, నాలుగు గంటలకే "పెరగడం లేదు" అనిపించుకుని, థియేటర్‌లోకి వెళ్తున్నాం.

అయితే ఇక్కడితో కథ ఆపేస్తే మేమూ ఆ నీళ్ళ తొట్టె వీడియో కుర్రాడి లాంటి వాళ్ళమే అవుతాం. బిడ్డ పుట్టింది, తల్లి గుండెల మీద పడుకోబెట్టారు, బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాక కోశారు. అందరం ఏడుస్తున్నాం, నవ్వుతున్నాం. అప్పుడు మిడ్‌వైఫ్ మొహం మారింది. రక్తం ఆగడం లేదు. ఆమె గంట నొక్కింది. ఒక చెయ్యి పొత్తికడుపు మీద రుద్దుతూనే ఉంది, రెండో ఆమె సూది వేసింది, ఇంకొకామె సెలైన్ పెట్టింది. పై అంతస్తు నుంచి డాక్టరమ్మ వచ్చేసరికి మేము గోడకి ఆనుకుని నిలబడిపోయాం. ఇరవై నిమిషాల్లో అదుపులోకి వచ్చింది. మా పెద్దావిడ చెల్లెలు పోయింది సరిగ్గా ఇందుకే. గర్భసంచి ముడుచుకోక.

అందుకే ఇంట్లో కందామనే వాళ్ళకి చేతులు జోడించి వద్దని చెబుతాం. 2018 జూలైలో తమిళనాడు తిరుప్పూరులో ఒక స్కూలు టీచరు, భర్త, స్నేహితులు వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పు చేయబోతే, రక్తం పోయి చనిపోయింది. చదువుకున్న వాళ్ళే. సహజ కాన్పు అంటే ఎవరూ లేకుండా కనడం కాదు. సాయం తెలిసిన మనిషి పక్కనుండి, ఆపరేషన్ థియేటర్ పిలుపు దూరంలో ఉండి, రెండూ ఉండి కూడా కత్తి వాడకపోవడం. ఈ రెండిట్లో ఒకటే దొరికితే మేమైతే థియేటరున్న చోటికే వెళ్తాం, కానీ ముహూర్తం జేబులో పెట్టుకుని మాత్రం వెళ్ళం.

మరి ఆ సీమంతం పిల్ల తల్లికి జవాబు? ముందు, అందరికీ మిడ్‌వైఫ్ దగ్గర కుదరదు. బీపీ పెరిగినా, కవలలైనా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నా, ముందు కాన్పు ఆపరేషనైనా, షుగర్ అదుపులో లేకపోయినా, రక్తం బాగా తక్కువున్నా డాక్టరు చేతుల్లోనే ఉండాలి. మంచి మిడ్‌వైఫ్ అయితే ఆమే ఆ మాట చెబుతుంది. "అన్నీ నేను చూసుకుంటా, డాక్టరు అక్కర్లేదు" అనే మనిషి కనిపిస్తే అక్కడ నుంచి లేచి వచ్చేయండి. ఆమె చదువు ఏమిటి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయిందా అని అడగడానికి మొహమాటపడకండి. ట్రాక్టరు కొనేటప్పుడు ఇంజను విప్పించి చూస్తాం కదా.

ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఫ్యానెన్ని, ఏసీ ఉందా, స్పెషల్ రూము రేటెంత అని అడుగుతున్నాం. వాటికన్నా ముందు, తొలి కాన్పుకి వచ్చిన వందమందిలో ఎంతమందికి ఆపరేషన్ అవుతోందని అడగాలి. అంకె చెప్పకుండా "అది అప్పటి పరిస్థితిని బట్టి" అని దాటేస్తే అదే జవాబు. రాత్రి రెండింటికి నొప్పులొస్తే ఎవరుంటారు, మత్తు డాక్టరు ఊళ్ళోనే ఉంటారా, రాయచూరు నుంచి రావాలా? రక్తం ఎక్కడి నుంచి తెస్తారు, ఎంత సేపు పడుతుంది? తల్లో, భర్తో, అత్తగారో ఒకరు పక్కన ఉండనిస్తారా? ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే 2016 నుంచి కాన్పు గదిలో తోడు మనిషిని అనుమతించారు, ప్రైవేటు వాళ్ళు కాదనడానికి ఏముంది. నడవనిస్తారా, నీళ్ళు తాగనిస్తారా, తొలి కాన్పు అనగానే అందరికీ కింద కోసి కుట్లు వేస్తారా? బొడ్డుతాడు మెడకి చుట్టుకుందని భయపెడితే కంగారు పడకండి. నాలుగైదు కాన్పుల్లో ఒకదాంట్లో అలా చుట్టుకునే ఉంటుంది, చాలావరకు వేలితో తప్పించేస్తారు. బిడ్డ గుండె ఎలా ఉందని అడగండి, అది ముఖ్యం.

అమ్మాయిని పుట్టింటికి తెచ్చుకోవడం మన ఆచారం, కాదనం. కానీ ఏడో నెల దాకా హైదరాబాదులో ఒక మనిషి చూసి, తరువాత ఇక్కడ ముక్కూమొహం తెలియని ఇంకొకరి చేతిలో పెట్టడం సరికాదు. పుట్టిల్లే ఆమె దగ్గరికి వెళ్ళవచ్చు. మేము అలాగే చేశాం. రెండు నెలలు అల్లుడు గారింట్లో ఉన్నాం. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. నవ్వనివ్వండి.

ఇదంతా రాశాక మాకే సిగ్గనిపించింది, ఎందుకంటే ఇదంతా డబ్బున్న వాళ్ళ ముచ్చట. మా పొలంలో నాట్లు వేసే ఒక అమ్మాయి ఉంది. దేవదుర్గ వైపు నుంచి వచ్చిన కుటుంబం. పోయిన ఏడాది ఆమెకి నెలలు నిండినప్పుడు తాయి కార్డులో రక్తం ఏడు అని రాసి ఉంది. కింది ఆసుపత్రిలో వాళ్ళు తాలూకా ఆసుపత్రికి పొమ్మన్నారు, అక్కడ రక్తం తక్కువని రాయచూరుకి పంపారు. సింధనూరు నుంచి రాయచూరు తొంభై కిలోమీటర్లు. ఆ 108 బండిలో నొప్పులు పడుతూ వెళ్ళింది, తోడు ఆశా కార్యకర్త ఒక్కతే. బతికి వచ్చింది, బిడ్డా బాగుంది. ఆమెకి "ఎంపిక" అన్న మాటే లేదు. ఏ తలుపు తెరిచి ఉంటే ఆ తలుపు. 2011 నుంచి ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్‌తో సహా, ఉచితమే. ప్రతి నెలా 9న గర్భిణులకి డాక్టరు పరీక్ష ఉంటుంది. కానీ ఆ తొంభై కిలోమీటర్లు ఎవరు తగ్గిస్తారు, ఆ రాత్రి పక్కన ఎవరు కూర్చుంటారు?

మేము వెతికినంతలో మన జిల్లాలో మిడ్‌వైఫ్‌లు నడిపే కాన్పుల విభాగం దొరకలేదు. రాయచూరులో రిమ్స్ ఉంది, ఇంత పెద్ద బోధనాసుపత్రి. ఎయిమ్స్ కావాలని రాయచూరులో 2022 మే నుంచి కూర్చున్న వాళ్ళకి మన సంఘం కూడా మద్దతు ఇచ్చింది, ఇవ్వాలి కూడా. కానీ ఎయిమ్స్ కట్టడానికి ఏళ్ళు పడుతుంది. రిమ్స్‌లో నాలుగు గదులు, పక్కనే ఉన్న థియేటరు, శిక్షణ పొందిన ఎనిమిది మంది నర్సులు, దీనికి కొత్త భవనం అక్కర్లేదు. సింధనూరు తాలూకా ఆసుపత్రిలో రాత్రిపూట మత్తు డాక్టరు, రక్తం నిల్వ ఎప్పుడూ ఉండాలని అడగడానికి ఢిల్లీ వెళ్ళక్కర్లేదు. కేంద్రం 2018లో ఇచ్చిన కాగితమే చేతిలో పెట్టి అడగవచ్చు. కరీంనగర్‌లో చేయగలిగింది రాయచూరులో ఎందుకు కాదు?

మన సంఘం కల్యాణ మండపానికి గ్రానైట్ వేయించడానికి ఎంత త్వరగా చందాలు వసూలయ్యాయో అందరం చూశాం. ఇది చందా అడిగే పని కూడా కాదు. ఒక వినతిపత్రం, నలుగురు మనుషులు, జిల్లా ఆరోగ్యాధికారి దగ్గరికి, ఎమ్మెల్యేల దగ్గరికి నాలుగు సార్లు తిరగడం. మన తెలుగు వాళ్ళం మాత్రమే వెళ్తే చాలదు. క్యాంపుల్లో బెంగాలీలు ఉన్నారు, ఊళ్ళల్లో కన్నడిగులు, లంబాణీలు ఉన్నారు. కాలువ నీళ్ళ కోసం అందరం కలిసి రోడ్డెక్కుతాం కదా.

వచ్చే సర్వసభ్య సమావేశం అజెండాలో ఈ విషయం పెట్టమని కార్యదర్శి గారికి రాసి ఇచ్చాం. సమావేశానికి ఎప్పటిలా మగవాళ్ళే వస్తే దీని మీద మాట్లాడేది ఏమీ ఉండదు. కాన్పులు అయిన వాళ్ళు, కావలసిన వాళ్ళు, పురుళ్ళు పోసిన పెద్దవాళ్ళు, మన క్యాంపుల ఆశా కార్యకర్తలు రావాలి. భోజనాల ఏర్పాటు మా ఇంటి నుంచి. ఆ సీమంతం పిల్లకి ఇప్పుడు ఎనిమిదో నెల నడుస్తోంది. ఆమె అడిగిన దానికి ఆమె ముందే జవాబు చెప్పాలని ఉంది, అందుకే ఆమెకి ఆనుకుని కూర్చునే కుర్చీ ఒకటి ముందు వరసలో వేయించమని కూడా అందులోనే రాశాం.